ఈ క్షణానికి ఎంత?

మేఘం ఒక కిలోమీటరు ఎత్తున ఉందనుకుందాం. అక్కణ్ణుంచి ఒక చినుకు జారింది. నేలను తాకేవేళకి దాని వేగమెంత?

ఇంటర్ గట్టెక్కి ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో చేరిన పిల్లల్ని ఈ మాట అడిగితే పెన్ను మూత తియ్యకుండానే జవాబు చెబుతారు. వి స్క్వేర్ ఈజీక్వల్టు టూ జీ హెచ్. సెకనుకు 140 మీటర్లు. గంటకు లెక్కేస్తే 504 కిలోమీటర్లు. గుణకారంలో పొరపాటేమీ లేదు. కానీ ఆ వేగంతో వాన కురిస్తే లేత నారు నిలబడదు, గొడుగు పట్టుకుని వీధిలోకి వెళ్లలేం. నిజంగా కురిసే వానలో బాగా లావుపాటి చినుకు కూడా సెకనుకు 9 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. తుంపర అయితే 2 మీటర్లే.

నేను 9 అనగానే క్లాసు కాసేపు మూగబోతుంది. తర్వాత ఎవరో ఒకరు లేచి, "గాలి నిరోధాన్ని వదిలెయ్యాలి కదా సార్" అంటారు. వదిలెయ్యమని నేను చెప్పను. రెండేళ్లపాటు ప్రతి లెక్క చివరా ఆ వాక్యం చూసీ చూసీ, అది లెక్క కోసం పెట్టుకున్న షరతు అన్న సంగతే మరుగున పడిపోయింది. పిల్లల్ని ఇందుకు తప్పుపట్టను. ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్న ఎంసెట్‌లో 160 ప్రశ్నలకు 180 నిమిషాలు. ఒక్కో దానికి 70 సెకన్లు కూడా రావు. అంతలో చినుకు ఎలా పడుతుందో ఊహించుకుంటూ కూర్చున్నవాడికి ర్యాంకు పోతుంది, సూత్రం నోటికొచ్చినవాడికి సీటొస్తుంది. ఇన్నేళ్లు ఈ పాఠం చెప్పాక నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది. కలన గణితంతో చెప్పే ఫిజిక్స్, కలనం లేని ఫిజిక్స్‌కి కష్టమైన రూపం కాదు. రెండూ అడిగే ప్రశ్నలే వేరు. మన పిల్లలకు మొదటి ప్రశ్న బాగా అలవాటైంది, రెండోదాన్ని అడగడానికి వ్యవధే ఇవ్వలేదు.

మొదటి ప్రశ్న: చివరికి ఎంత? దీనికి జవాబిచ్చే నాలుగు సమీకరణాలు మనకు కొట్టిన పిండి. అయితే అవి త్వరణం మొదట్నుంచీ చివరిదాకా మారకుండా ఉంటేనే పనికొస్తాయి. గెలీలియో 1638లో అచ్చయిన తన పుస్తకంలో వాలుబల్ల మీద కంచుగుండ్లు దొర్లించిన సంగతి రాశాడు. సమాన వ్యవధుల్లో గుండు దొర్లే దూరాలు 1, 3, 5, 7 అంటూ బేసి సంఖ్యల వరసలో పెరుగుతాయని చూపించాడు. అప్పటికి కలన గణితం లేదు. గాలి అడ్డుపడుతుందనీ ఆయనకు బాగా తెలుసు. తెలిసే దాన్ని పక్కనబెట్టి, తన చేతిలో ఉన్న గణితానికి లొంగే చలనాన్ని ఏరి తీసుకున్నాడు. ఏం వదిలేస్తున్నాడో ఆయనకు ఎరుక ఉంది. ఈరోజు ఆ సమీకరణాలు వల్లించే పిల్లవాడికి లేనిది ఆ ఎరుకే.

రెండో ప్రశ్న: ఈ క్షణానికి ఏం జరుగుతోంది?

చినుకు దగ్గర ఈ ప్రశ్న ఎంత తేలికో చూడండి. భూమి కిందికి లాగుతోంది. గాలి పైకి తోస్తోంది. పెద్ద చినుకుకైతే గాలి తోపు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఈ రెంటికీ తేడా ఎంతో, ఈ క్షణంలో వేగం అంత చొప్పున మారుతోంది. ఇంతే తెలుసు, ఇంతే చాలు. మొదట వేగం సున్న, కాబట్టి గాలి అడ్డు లేదు, త్వరణం 9.8. సెకనులో పదో వంతు గడిచేసరికి వేగం 0.98. ఇప్పుడు గాలి కాస్త తోస్తోంది, త్వరణం 9.68కి తగ్గింది. ఇంకో పదో వంతు: వేగం 1.95, త్వరణం 9.34. ఇంకోటి: 2.88, ఇంకోటి: 3.76. ఇలా బోర్డు మీద వరసగా రాయిస్తాను. పిల్లలు ఫోనులో కాలిక్యులేటరు తీసి తలా ఒక వరస చెబుతారు. అర సెకను దగ్గర మా పట్టీలో 4.57 వస్తుంది. పదో వంతును ఇంకా సన్నగా కోస్తే ఆ అంకె 4.47 వైపు జరుగుతుంది. ఎంత సన్నగా కోసినా దాన్ని దాటి పోదు. లిమిట్ అన్న మాట నిర్వచనంగా విన్నప్పుడు తలకెక్కనివాళ్లకు కూడా ఇక్కడ అది కళ్లెదుట కనిపిస్తుంది. సెకను దగ్గర 7.2, రెండు సెకన్ల దగ్గర 8.8, మూడింటికి ఇంచుమించు 9. పదిహేడు మీటర్లు పడేలోపే చినుకు తన చరమ వేగంలో, అంటే ఆ 9లో, 99 శాతం అందుకుంటుంది. మిగిలిన తొమ్మిది వందల ఎనభై చిల్లర మీటర్లూ దాదాపు ఒకే వేగం. గాలి లేకపోతే పద్నాలుగు సెకన్లలో ముగిసే ప్రయాణం రెండు నిమిషాలకు దగ్గరగా సాగుతుంది.

ఈ పట్టీ రాసేటప్పుడు ఎవరికీ సూత్రం గుర్తుకు రావాల్సిన అవసరం పడదు. నాకు చాలా ఇష్టమైన గంట అది. ఫలితం ముందే తెలియకపోయినా, పక్క క్షణానికి దారి ఎలా వెయ్యాలో తెలిస్తే మొత్తం కథ దానంతటదే విప్పుకుంటుంది.

క్షణం గురించిన ఈ ఆలోచన మన నేలకు కొత్తదేమీ కాదు. చంద్రుడు రోజుకు సగటున 13 డిగ్రీల చిల్లర నడుస్తాడు. కానీ ఆ నడక రోజుకో తీరుగా ఉంటుంది, ఒక్క రోజులోనే మారుతుంది. తిథి ఎప్పుడు ముగుస్తుందో సరిగా కట్టాలంటే రోజువారీ సగటు చాలదు. 1150లో సిద్ధాంత శిరోమణి రాసిన భాస్కరాచార్యుడు అందుకే తాత్కాలిక గతిని లెక్కించాడు. జ్యా విలువలో వచ్చే చిన్న మార్పు కోటిజ్యాకు అనుపాతంలో ఉంటుందని వాడుకున్నాడు. ఈనాటి పిల్లలు సైన్‌ని డిఫరెన్షియేట్ చేస్తే కాస్ వస్తుందని వల్లించే సంగతే అది. అది పూర్తి కలన గణితమని నేననను. కానీ పంచాంగం కట్టే మనిషికి ఆ ప్రశ్న అవసరం నుంచే పుట్టిందనుకుంటే నాకు ధైర్యం వస్తుంది. అవసరం చూపిస్తే పిల్లలూ అడుగుతారు.

న్యూటన్‌కి ఆ అవసరం ఇంకా పెద్దగా వచ్చింది. 1665, 66 సంవత్సరాల్లో ప్లేగు వల్ల కేంబ్రిడ్జి మూతపడి సొంత ఊరు చేరిన కుర్రవాడు, కలనానికీ గురుత్వాకర్షణకూ కలిపి పునాదులు తవ్వాడు. చంద్రుడు భూమి వ్యాసార్థానికి 60 రెట్ల దూరంలో ఉన్నాడు. దూరం వర్గాన్ని బట్టి ఆకర్షణ తగ్గితే, చెట్టు మీది కాయకున్న 9.8 త్వరణం అక్కడ 3600వ వంతు కావాలి, అంటే 0.0027. చంద్రుడి దూరం, 27.3 రోజుల చుట్టు, ఈ రెంటితో విడిగా లెక్కేసినా వచ్చేది 0.0027. సరిపోయింది. అయితే ఒక చిక్కు. చంద్రుడికి భూమి చుక్కలా కనిపించవచ్చు. చెట్టు కింద రాలే కాయకు కాళ్లకింది మట్టి ఒకపక్క, అవతలి గోళార్ధంలోని సముద్రం మరోపక్క. ప్రతి రేణువూ ఒక్కో దిక్కుకు, ఒక్కో బలంతో లాగుతుంది. మరి దూరాన్ని భూమి కేంద్రం నుంచి కొలవడం ఏ న్యాయం?

ఇంటర్ పుస్తకం దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తుంది: ద్రవ్యరాశి అంతా కేంద్రంలో ఉన్నట్టు భావించవచ్చు. ఎందుకు భావించవచ్చో చెప్పడానికి సమాకలనం కావాలి. భూమిని ఉల్లిగడ్డలా పొరలు పొరలుగా విడదీసి, ఒక్కో పొరను ఉంగరాలుగా కోసి, ఉంగరంలోని ప్రతి ముక్కా లాగే బలాన్ని కూడాలి. పక్కలకు లాగేవి జంటలు జంటలుగా చెల్లిపోతాయి. మిగిలినవి కూడితే, ఆ చిక్కంతా మంత్రించినట్టు విడిపోయి, ఒక్క కేంద్రం మిగులుతుంది. ఈ రుజువు బోర్డు మీద రాసేందుకు నాకు గంట పడుతుంది. ఆఖరి వరసలో అంకెలన్నీ కొట్టేసుకుపోయే చోట ప్రతి ఏడూ నా చెయ్యి కొంచెం నెమ్మదిస్తుంది. పరీక్షలో రాదు. అయినా మానను. ఇంతటి సంగతిని "భావించవచ్చు" అన్న ఒక్క మాటకింద దాచేసి పిల్లల్ని పంపించడం నాకు ఇష్టం ఉండదు.

1687లో వచ్చిన న్యూటన్ మహాగ్రంథంలో మాత్రం కలన గణితం ఈ రూపంలో కనిపించదు. అంతా రేఖాగణితం వేషమే. మనం ఎఫ్ ఈజీక్వల్టు ఎమ్ఏ అని పలికే సూత్రాన్ని, మూడు దిక్కులకూ మూడు అవకలన సమీకరణాలుగా, అన్ని చలనాలకూ వర్తించే నియమంగా నిలబెట్టినవాడు ఆయిలర్, 1750లో. అంటే న్యూటన్ సూత్రం మన పాఠంలోని రూపానికి రావడానికి అరవై ఏళ్లకు పైగా పట్టింది. పదహారేళ్ల పిల్లకు అది ఒక పీరియడ్‌లో లొంగకపోతే ఆశ్చర్యపడాల్సిందేముంది?

పీరియడ్ల సంగతికొస్తే, మన ఇంటర్ ఎంపీసీలో చాలా ఏళ్లపాటు నడిచిన అమరిక చూడండి. ఫిజిక్స్ మాస్టారు మొదటి ఏడాదిలోనే మారే బలం చేసే పని, జడత్వ భ్రామకం చెప్పాలి. రెంటికీ ఇంటిగ్రేషన్ కావాలి. లెక్కల్లో ఇంటిగ్రేషన్ వచ్చేది రెండో ఏడాది. ఈలోగా ఆయన చేయగలిగింది ఫలితం రాయించడమే. కడ్డీకి మధ్యలో అయితే ఎమ్ఎల్ స్క్వేర్ బై 12, చివర అయితే బై 3. నాలుగు రెట్లు ఎలా పెరిగిందని అడిగే తీరిక ఎవరికీ లేదు. ఇంజనీరింగ్‌లోకి వచ్చాక అయినా తీరుతుందా అంటే, మొదటి ఏడాది ఫిజిక్స్ చాలాచోట్ల లేజర్లు, ఆప్టికల్ ఫైబర్లు, సెమీకండక్టర్లతో నిండి ఉంటుంది. అవీ కావలసినవే. కానీ కదిలే వస్తువును కలనంతో నింపాదిగా చూసే ఒక్క సెమిస్టరు ఎక్కడా దొరక్క, ఇంటర్‌కీ ఇంజనీరింగ్‌కీ మధ్య జారిపోయింది.

అమెరికాలో ఈ పాఠానికి విడిగా ఒక స్థానం ఉంది. వైద్యం, జీవశాస్త్రం వైపు వెళ్లేవారికి కలనం లేని ఫిజిక్స్, ఇంజనీర్లకూ శాస్త్రవేత్తలకూ కలనంతో ఫిజిక్స్. రెండో దారి పట్టినవాళ్లు కలనం ముందే చదివి ఉండాలి, లేదా పక్కనే చదువుతూ ఉండాలి. 1949లో సియర్స్, జెమాన్‌స్కీల పుస్తకం, 1960లో హాలిడే, రెస్నిక్‌ల పుస్తకం ఆ దారిని స్థిరపరిచాయి. హాలిడే, రెస్నిక్‌లు తమ పుస్తకం పేరులోనే సైన్స్, ఇంజనీరింగ్ విద్యార్థుల కోసమని చెప్పుకున్నారు. మన దగ్గర అబిడ్స్ ఆదివారం సంతలోనూ, బెజవాడ లెనిన్ సెంటర్ పాతపుస్తకాల దుకాణాల్లోనూ అట్టలు ఊడిన రెస్నిక్ హాలిడేలు ఎన్ని చేతులు మారాయో! తర్వాతి కాలంలో కాన్పూర్ ఐఐటీలో పాఠాలు చెప్పిన హెచ్.సి. వర్మ 1992లో తన పుస్తకం తెచ్చినప్పుడు, లెక్కల మాస్టారి కోసం ఎదురుచూడలేదు. రెండో అధ్యాయంలోనే డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్ తానే చెప్పేశాడు. ఆ నిర్ణయం నాకు చాలా గౌరవం కలిగిస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పుకోవాలి. కలనం వచ్చినంత మాత్రాన ఫిజిక్స్ రాదు. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ తన విద్యార్థులకు బలం మీద చాలా మామూలు ప్రశ్నలున్న ఒక పరీక్ష పెట్టాడు. లారీ వచ్చి చిన్న కారును గుద్దితే ఏది దేనిమీద ఎక్కువ బలం చూపుతుంది లాంటివి. క్లిష్టమైన లెక్కలు చేసే పిల్లలు అక్కడ తడబడ్డారు. మీరు చెప్పినట్టు రాయాలా, నేను మామూలుగా అనుకునేట్టు రాయాలా అని ఒక విద్యార్థి అడిగారట. నేనూ మా క్లాసులో లారీ, ఆటో అని అడిగి చూశాను. మూడో నియమం తడుముకోకుండా అప్పజెప్పినవాళ్లలోనే చాలామంది లారీకి చెయ్యెత్తారు. చరరాశుల్ని అటూ ఇటూ జరిపి జవాబు రాబట్టడం ఒక నైపుణ్యం. జరిపేది దేన్నో కళ్లకు కట్టడం మరొకటి. అందుకే నా క్లాసులో ఇంటిగ్రేషన్ గుర్తు రాసే ముందు బొమ్మ గియ్యాలి. ఏ ముక్కను తీసుకుంటున్నావు? పళ్లెం అయితే ఉంగరమా, కడ్డీ అయితే చిన్న తునకా? ఆ తునక అక్షానికి ఎంత దూరంలో ఉంది? బొమ్మలో డీఎక్స్ ఎక్కడుందో వేలు పెట్టి చూపించలేనివాళ్లను ముందుకు పోనివ్వను. ముక్క సరిగ్గా ఎంచుకుంటే మిగతాది కూడికే.

చినుకు పట్టీ వేసిన మర్నాడు ఒకమ్మాయి అడిగింది: "సార్, చినుకు పడుతూ పడుతూ చిన్న చినుకుల్ని కలుపుకుంటుంది కదా. అప్పుడు దాని బరువు కూడా మారుతుంది. మరి ఎమ్ఏ ఎలా రాస్తాం?"

"బాగా అడిగావమ్మా. మారే బరువుతో పైకెళ్లే వస్తువేదో చెప్పు" అన్నాను. వెనక బెంచీలోంచి, సూళ్లూరుపేట వైపు కుర్రాడు, "రాకెట్ సార్" అన్నాడు. శ్రీహరికోట మోత చిన్నప్పట్నుంచీ విన్నవాడు.

ఆరోజు అనుకున్న పాఠం పక్కనబెట్టి రాకెట్ తీసుకున్నాం. ఈ క్షణంలో కాస్త ఇంధనం వెనక్కి పోయింది, రాకెట్ అంత మేరకు తేలికైంది, కాస్త వేగం పుంజుకుంది. పక్క క్షణంలో అంతే ఇంధనానికి ఇంకాస్త ఎక్కువ వేగం. కూడితే లాగరిథమ్ వస్తుంది. సియోల్కోవ్‌స్కీ 1903లో ప్రచురించిన సమీకరణం ఇదే. వాయువులు సెకనుకు 3 కిలోమీటర్ల వేగంతో బయటికి పోతాయనుకుంటే, కక్ష్యకు చేరడానికి దారి నష్టాలు కలుపుకుని 9 కావాలనుకుంటే, బయల్దేరేటప్పటి బరువు చివరి బరువుకు 20 రెట్లుండాలి. ఇరవైలో పంతొమ్మిది వంతులు ఇంధనమే. ట్యాంకులు, ఇంజన్లు, ఉపగ్రహం అన్నీ మిగిలిన ఒక్క వంతులో ఇమడాలి. ఇమడవు కాబట్టే ఖాళీ అయిన అంచెను వదిలేస్తూ పోవాలి. పీఎస్ఎల్‌వీకి నాలుగు అంచెలుండటం, 320 టన్నుల రాకెట్ రెండు టన్నులకు లోపు ఉపగ్రహాన్నే ధ్రువ కక్ష్యకు మోయడం, ఇదంతా ఆ లాగరిథమ్ విధించిన పన్ను. ఆ కుర్రాడు, "మా ఊరి మేడ మీంచి చూస్తే బూస్టర్లు విడిపోవడం కనపడుద్ది సార్, ఎందుకో ఇప్పుడు తెలిసింది" అన్నాడు.

ఇదే పద్ధతి ఇంకెక్కడికి తీసుకెళ్తుందో చెప్పి ముగించలేను. మేఘంలో తేలే సన్నని బిందువుకు గాలి అడ్డు వేగానికి అనుపాతంలో ఉంటుంది. దాని వేగం పెరిగే వక్రరేఖ, రెసిస్టరు గుండా చార్జయ్యే కెపాసిటరు వోల్టేజీ వక్రరేఖ, రెండూ ఒకటే. ల్యాబ్‌లో 63 శాతం దగ్గర గుర్తుపెట్టే పిల్లలకు ఆ సంగతి చెబితే ఎలక్ట్రికల్ వాళ్లు కూడా చినుకు మీద ఆసక్తి చూపిస్తారు.

సిలబస్‌ను నేను మార్చలేను. వారానికి ఒకే ఒక్క లెక్క ఇచ్చి, వారమంతా దానిమీదే ఉండమనడం మాత్రం నా చేతిలో ఉంది. మొన్న ఇచ్చినది నీళ్లది. నిలువు గోడల సీసాకు అడుగున చిన్న చిల్లు. నిండుగా నింపి వదిలితే మట్టం సగానికి రావడానికెంత, పూర్తిగా ఖాళీ కావడానికెంత? గెలీలియో శిష్యుడు టారిచెల్లీ చెప్పిన ప్రకారం నీరు బయటికి వచ్చే వేగం ఎత్తు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. మట్టం తగ్గేకొద్దీ ధార నీరసిస్తుంది. లెక్క కడితే పై సగానికి మొత్తం కాలంలో 29 శాతమే, కింది సగానికి 71 శాతం. చిల్లు ఎంతైనా ఈ నిష్పత్తి మారదు.

పిల్లలు హాస్టల్ వరండాలో నీళ్ల సీసాలు కోసి, పిన్నీసు కాల్చి చిల్లులు పెట్టి, ఫోన్లలో స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చున్నారు. మొదటి సగం అందరికీ బాగానే వచ్చింది. చివర్లో ధార తెగి చుక్కలుగా మారేసరికి గొడవ మొదలైంది. ఏ చుక్క దగ్గర ఖాళీ అయినట్టు? ఒకరు చుక్కలు ఆగాక అన్నారు, ఒకరు ధార తెగినప్పుడన్నారు. తేలక నా దగ్గరికి వచ్చారు. చినుకు బరువు గురించి అడిగిన అమ్మాయి మధ్యలో నోట్సు తీసి, "ఖాళీ అయ్యేదాకా ఆగక్కర్లేదు సార్. మట్టం నాలుగో వంతుకి వచ్చేసరికి దాని వర్గమూలం సగానికి వస్తుంది. అంటే మొత్తం కాలంలో సరిగ్గా సగం. అక్కడ ఆపి రెండుతో గుణిస్తే సరిపోద్ది" అంది. ఆ సాయంత్రం సీసాలన్నింటి మీదా నాలుగో వంతు దగ్గర కొత్తగా ఒక గీత గీసి, మళ్లీ నీళ్లు నింపారు.